లక్షణానికి లక్ష్యం

శాస్త్రం బోధించేవారు ముందు లక్షణం చెప్పి, ఆ వెంటనే లక్ష్యం చూపడం మన పూర్వులు పాటించిన పద్ధతి. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలు ఉంటాయని కంఠస్థం చేసినంతమాత్రాన విద్యార్థికి ఆ వృత్తం నడక పట్టుబడదు. ఒక పద్యం తీసుకొని గురులఘువులు గుర్తించినప్పుడే అది బోధపడుతుంది. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో ఉన్న విద్యానాథుడు సంస్కృతంలో రచించిన 'ప్రతాపరుద్రీయం' ఈ విషయంలో మరొక అడుగు ముందుకు వేసింది. నాటక లక్షణాలను నిరూపించడానికి ఆయన తన ప్రభువునే నాయకునిగా చేసి, అయిదంకాల నాటకాన్ని పూర్తిగా రచించి ఆ అలంకారశాస్త్ర గ్రంథంలో చేర్చాడు. అలంకారాన్ని ఒక్క శ్లోకంలో చూపవచ్చు. అంకాలూ సంధులూ ఒకదానితో ఒకటి ఎలా అతుకుతాయో చూపాలంటే మాత్రం నాటకం మొత్తం కావలసిందే.

కంప్యూటరు విద్యలో వెబ్ ఫ్రేమ్‌వర్కును బోధించేవారికీ ఇదే అవసరం ఏర్పడింది. అడిగిన పుటను పంపడం, వివరాలను డేటాబేసులో భద్రపరచడం, నింపిన ఫారాన్ని స్వీకరించడం ఏ వెబ్‌సైటుకైనా తప్పని పనులు. వీటిని ప్రతిసారీ మొదటినుంచి రాసుకోనక్కరలేకుండా సిద్ధం చేసి ఉంచిన చట్రమే ఫ్రేమ్‌వర్కు. దానిలోని భాగాలన్నీ పరస్పరాశ్రితాలు. అందువల్ల ఒక్కొక్క భాగాన్ని విడిగా వర్ణించడం కంటే, అన్నీ కలిసి పనిచేసే ఒక చిన్న అప్లికేషన్‌ను విద్యార్థి చేతనే కట్టించడం మేలు.

ఏ అప్లికేషన్‌ను ఎన్నుకోవాలనేది అంత తేలికైన ప్రశ్న కాదు. 2005లో 'రూబీ ఆన్ రైల్స్' సృష్టికర్త డేవిడ్ హైనమైయర్ హాన్సన్ పావుగంటలో ఒక బ్లాగును నిర్మించి చూపాడు. ఆ వీడియో ప్రోగ్రామర్లను ఆశ్చర్యంలో ముంచింది. అయితే ఆశ్చర్యపడడం వేరు, నేర్చుకోవడం వేరు. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ జావాలో పెద్ద వ్యాపార అప్లికేషన్లను రూపొందించే తీరును నేర్పడానికి పెంపుడు జంతువుల దుకాణాన్ని నమూనాగా తయారుచేసింది. 2001లో మైక్రోసాఫ్ట్ తన డాట్‌నెట్‌తో అదే దుకాణాన్ని కట్టి, చాలా తక్కువ పంక్తులతో పని పూర్తయిందని చాటుకుంది. పాఠం కోసం రాసినది పందెపు గుర్రమయింది!

ఈ కోవలో 'జాంగో' పాఠం ప్రత్యేకంగా పరిశీలించదగినది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, లారెన్స్ పట్టణపు వార్తాపత్రిక కోసం వెబ్‌సైట్లు నిర్మిస్తూ ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో ఈ ఫ్రేమ్‌వర్కుకు పునాది వేశారు. 2005 జూలైలో అది అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. దానిని నేర్చుకునేవారు మొదట కట్టేది అభిప్రాయ సేకరణకు ఉపకరించే ఒక చిన్న ఓట్ల పెట్టె. అందులో ఉండేవి రెండే పట్టికలు. మొదటి దానిలో ప్రశ్న, అది వెలువడిన తేదీ ఉంటాయి. రెండవ దానిలో ఆ ప్రశ్నకు తగిన జవాబులు, ఒక్కొక్క జవాబుకు పడిన ఓట్ల సంఖ్య ఉంటాయి. ఇంత చిన్న వస్తువులోనే పట్టికల మధ్య సంబంధం, పుటల చిరునామాలు, ఫారం, ఫలితాల ప్రదర్శన అన్నీ ఇమిడిపోయాయి. ఓటు వేసిన వెంటనే చూపరిని మరొక పుటకు పంపివేయాలన్న నియమం కూడా ఇక్కడే వస్తుంది. లేకుంటే పుటను మళ్లీ తెరిపించినప్పుడు అదే ఓటు రెండోసారి పడవచ్చు.

ఓట్లను లెక్కించే చోట ఈ పాఠం నిజాయితీ తెలుస్తుంది. తొలినాటి పాఠాలలో ప్రోగ్రాం పాత సంఖ్యను డేటాబేసు నుంచి తెచ్చి, ఒకటి కలిపి, తిరిగి భద్రపరిచేది. చూడడానికి ఇందులో దోషమేమీ లేదు. ఒక జవాబుకు ఇరవై ఓట్లు ఉన్నాయనుకుందాం. ఇద్దరు ఒకే క్షణంలో ఓటు వేస్తే ఇద్దరికీ ఇరవై అన్న సంఖ్యే అందుతుంది. ఇద్దరి పక్షానా ఇరవై ఒకటి అనే నమోదవుతుంది. ఒక ఓటు ఏ జాడా లేకుండా మాయమవుతుంది. ఒక్కరే కూర్చొని పరీక్షించినంతకాలం ఈ దోషం బయటపడదు. పాఠం రాసినవారు దీనిని దాచలేదు. ఆ కోడుతోపాటే లోపాన్ని వివరించి, నివారణోపాయాన్ని సూచించారు. తరువాతి కాలపు పాఠాలలో కూడిక పనిని డేటాబేసుకే అప్పగించేలా కోడును మార్చారు.

ఈ జాగ్రత్తకు కారణం ఉంది. లక్ష్యంగా ఇచ్చిన పద్యాన్ని ఎవరూ తమ కావ్యంలో చేర్చుకోరు. నమూనా కోడు గతి అలాంటిది కాదు. నేర్చుకున్నవారు దానిని ఉన్నదున్నట్లుగా తమ పనిలోకి ఎత్తి రాసుకుంటారు. సరళత కోసం బోధకుడు వదిలిన జాగ్రత్త ఎక్కడో ఒక దుకాణపు లెక్కలోనో, పరీక్ష ఫలితాలలోనో లోపమై తేలుతుంది.

ఇదే పాఠంలో మరొక దోషాన్ని విద్యార్థి చేతనే రాయిస్తారు. ఒక ప్రశ్న గత ఒక్క రోజులో వెలువడిందా అని తెలుసుకునే రెండు మూడు పంక్తుల కోడు రెండవ భాగంలో వస్తుంది. తేదీ నిన్నటి కంటే ముందుదా అని మాత్రమే అది చూస్తుంది. కనుక వచ్చే నెల తేదీ వేసిన ప్రశ్నను సైతం ఇటీవలిదిగానే భావిస్తుంది. విద్యార్థి దానిని అనుమానించకుండా ముందుకు సాగిపోతాడు. అయిదవ భాగానికి వచ్చాక ఆ కోడు దగ్గరికే అతన్ని తిరిగి తీసుకువస్తారు. ముందు తేదీ ఉన్న ప్రశ్నతో ఒక పరీక్ష రాయించి, అది విఫలం కావడం కళ్లారా చూపించి, ఆ తరువాతే దిద్దిస్తారు.