మందుల కౌంటరు కంప్యూటరుకు మీ వివరాలు ఎలా తెలుస్తాయి?



ఓ.పి.లో డాక్టరుగారు రాసిన మందులు, మీరు మెట్లు దిగి వచ్చేసరికే మందుల కౌంటరు కంప్యూటరులో కనిపిస్తున్నాయి. "మా వివరాలన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయాండీ?" అని ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. ఉండవు. ఆయనకిచ్చిన జవాబునే కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాము.

రోగుల వివరాలన్నీ తాళం వేసిన గదిలో ఉండే ఒకే ఒక కంప్యూటరులో ఉంటాయి. దానిని సర్వర్ అంటారు. అందులో ఉండే పెద్ద రిజిస్టరు వంటిదే డేటాబేస్. రిజిస్ట్రేషన్, ల్యాబ్, మందుల కౌంటర్లలో మీకు కనిపించేవి క్లయింట్ కంప్యూటర్లు. అవి అడుగుతాయి, సర్వర్ చెబుతుంది.

కౌంటరులో కొత్త కంప్యూటరు పెట్టినప్పుడు దానికి ఐదు సంగతులు నేర్పాలి. మొదటిది సర్వర్ చిరునామా. ఇది 192.168.1.10 వంటి అంకెల వరుస. రెండవది పోర్టు, అంటే ఆ ఇంట్లో ఏ తలుపు తట్టాలో చెప్పే సంఖ్య. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌కు మామూలుగా 3306, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు 5432. ఆ తరువాత డేటాబేస్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్.

చిరునామా దగ్గరే ఎక్కువ తిప్పలు. సర్వర్‌కు స్థిరమైన చిరునామా ఇవ్వకపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడు దానికి వేరే అంకె రావచ్చు. అప్పుడు కౌంటర్లన్నీ పాత ఇంటి తలుపు తడుతూ కూర్చుంటాయి. "సిస్టం పనిచేయడం లేదు" అని మేము చెప్పిన కొన్ని ఉదయాలకు కారణం ఇంతే! ఇంకొక సంగతి, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను కొత్తగా ఎక్కించినప్పుడు అది తన కంప్యూటరు మాట మాత్రమే వింటుంది. బయటి కంప్యూటర్ల మాట వినమని, వాటిలో ఏవేవి రావచ్చో విడిగా రాసి పెట్టాలి. అది మంచి జాగ్రత్తే.

కనెక్షన్ కుదరనప్పుడు తెరను చూస్తే కొంత తెలుస్తుంది. వెంటనే నిరాకరణ వచ్చిందంటే ఇల్లు దొరికింది గాని ఆ తలుపు దగ్గర ఎవరూ లేరని సాధారణంగా అర్థం. చాలాసేపు తిరిగి తిరిగి ఆగిపోతే చిరునామా తప్పై ఉండవచ్చు, కేబుల్ ఊడి ఉండవచ్చు, లేదా ఫైర్‌వాల్ అడ్డుపడి ఉండవచ్చు.

ఇవన్నీ విసుగు కలిగిస్తాయి గాని ప్రమాదం లేదు. ప్రమాదం కనెక్షన్ చక్కగా కుదిరి, తప్పు చోటికి వెళ్ళినప్పుడే. ఇది మా దగ్గర జరిగింది కాబట్టి దాచకుండా చెబుతున్నాము. కొత్త సిబ్బంది నేర్చుకోవడానికి అదే సర్వర్‌లో పాత వివరాలతో ఒక నకలు డేటాబేస్ ఉంచాము. మరమ్మతు చేసి తెచ్చిన మందుల కౌంటరు కంప్యూటరులో ఆ నకలు పేరు పడింది. చిరునామా సరే, పాస్‌వర్డ్ సరే. తెర మీద ఏ తప్పూ కనిపించలేదు. ఒక అమ్మకు పెన్సిలిన్ పడదని అంతకు రెండు వారాల ముందే డాక్టరుగారు నమోదు చేశారు. నకలులో ఆ మాట లేదు. ఆమె చేతిలోని ఓ.పి. చీటీపై ఎర్ర సిరాతో రాసి ఉండబట్టి కౌంటరులోని సోదరి ఆగి అడిగారు. లేకపోతే ఏమయ్యేదో మేము తలచుకోదలచుకోలేదు.

ఇప్పుడు నకలు తెర పసుపు రంగులో ఉంటుంది, కౌంటరు లాగిన్‌తో అది తెరుచుకోదు. ఏ కంప్యూటరును సరిచేసినా, ఆ ఉదయం చివరగా నమోదైన రోగి నంబరు అందులో కనిపించిన తరువాతే దానిని కౌంటరుకు అప్పగిస్తున్నాము. ఏ కౌంటరుకు ఎంత అవసరమో అంతే కనిపించేటట్లు లాగిన్లు కూడా వేరు చేశాము. ల్యాబ్ లాగిన్‌తో బిల్లు మార్చలేరు.

ఊరి క్లినిక్‌లోని కంప్యూటరు ఇంటర్నెట్ మీదుగా రావాలి. డేటాబేస్ తలుపును ఇంటర్నెట్‌కు నేరుగా తెరవడం సంత మధ్యలో కేస్ షీట్లు పరచినట్లే. అందుకే వి.పి.ఎన్. అనే మూసిన దారి వాడతారు. కొత్త పద్ధతులలో ఈ బెడద తక్కువ. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారిలో, జన స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రిలో మొదట వాడిన బాహ్మ్ని వంటి వాటిలో కౌంటరుకు బ్రౌజర్ ఒక్కటి చాలు. డేటాబేస్ వివరాలు సర్వర్ వైపే ఉంటాయి. మేమూ అటు మారాలని ఉంది గాని, ప్రతి కౌంటరులో విడిగా ప్రోగ్రాం ఎక్కించే పాత పద్ధతిలోనే ఇంకా ఉన్నాము.

కాబట్టి మీకు ఒక మనవి. వచ్చినప్పుడల్లా మన ఆసుపత్రి నంబరు కార్డు తెండి. ఆభా కార్డుపై ఉండే 14 అంకెల సంఖ్య వేరు, ఇది వేరు. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గలవారు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఏ మందు పడదో ప్రతి కౌంటరులోనూ చెప్పండి, "కంప్యూటరులో ఉంది కదా" అని ఊరుకోవద్దు. సిస్టం ఆగిన రోజున పుస్తకంలో రాసుకొని సాయంత్రం ఎక్కిస్తాము. ఆ రోజు ఇచ్చిన కాగితపు చీటీని తరువాతిసారి వచ్చేవరకు పారవేయకండి.