మందు కొమ్ము మీద సిపాయి పేరు



కొమ్ము అంటే మనకు కొమ్ము డాన్సు గుర్తుకొస్తుంది. కానీ 18వ శతాబ్దంలో ఉత్తర అమెరికా సిపాయిలు కొమ్ములో తుపాకి మందు పోసుకునేవారు.

అప్పటి తుపాకికి గొట్టం మూతిలోంచే మందు, గుండు వేసి కూరాలి. మందు అంటే సురేకారం, గంధకం, బొగ్గుపొడి. తడిస్తే పేలదు. నిప్పురవ్వ పడితే ప్రాణమే పోతుంది. ఎద్దు కొమ్ము తేలిక, లోపల బోలు. నీళ్లు దిగవు, దేనికి తగిలినా నిప్పురవ్వ రాదు. వెడల్పు వైపు చెక్క బిళ్ల బిగించి, సన్నని కొనకు చిల్లు చేసి బిరడా పెట్టేవారు. పట్టీ కట్టి భుజాన తగిలించుకునేవారు.

శిబిరంలో ఖాళీ దొరికితే చాకు మొనతో కొమ్ము మీద కోటలు, నదులు, ఓడలు గీసేవారు. తమ పేరు, సంవత్సరం చెక్కేవారు. గీతల్లో మసి రుద్దితే నల్లగా కనబడేవి. 1755లో లేక్ జార్జ్ దగ్గర జాన్ బుష్ అనే నల్లజాతి సిపాయి తోటివాళ్ల కొమ్ముల మీద అందమైన అక్షరాలు చెక్కాడు. 1775లో మొదలైన అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో కూడా ఇలాగే చెక్కుకున్నారు. అలాంటి కొమ్ములు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి.

సేనాపతుల పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. మామూలు సిపాయి పేరు ఎవరు రాస్తారు? కొమ్ము మీద చెక్కుకున్న పేరు ఇప్పటికీ కనబడుతుంది.

మా అయ్య ఇప్పటికీ వేలిముద్రే వేస్తాడు. ఈ సెలవుల్లో ఆయనకు ఆయన పేరు నేర్పిస్తా. గొడ్డలి కామ మీద ఆయన చేతనే చెక్కిస్తా. మీరూ మీ ఇంట్లో నేర్పించండి.

– 9వ తరగతి విద్యార్థిని