నెహెమ్యా ప్రక్కనున్న బూర

చదువవలసిన భాగము: నెహెమ్యా 4:15-23

యెరూషలేము గోడ పొడవైనది. కట్టువారు దూరదూరముగా నుండిరి. ఒకని కేక వేరొకనికి వినబడదు. అందుచేత నెహెమ్యా బూర ఊదువానిని తన యొద్దనే ఉంచుకొని, ధ్వని వినబడిన చోటికి అందరు రావలెనని ముందుగానే చెప్పెను. గోడ 52 దినములలో ముగిసెను (6:15).

ఒకప్పటి పల్లెయైన పుప్పాలగూడలో నేడు ఎత్తయిన మేడలున్నవి. మన పల్లెల సహోదరులు కొందరు అట్టి చోట్ల కావలివారుగాను పంపు నడుపువారుగాను ఉన్నారు. యజమానులకు సంఘముండవలెనని 1987 నాటి అపార్టుమెంట్ల చట్టము చెప్పుచున్నది. పనివారి జట్లను ఎవరు కూర్తురు?

మెకానిక్కు లిఫ్టు గుంటలో దిగియుండగా, తెలియక రాత్రి కావలివాడు స్విచ్చి వేసెననుకొనుడి. ప్రాణమే పోవచ్చును. వాడు దుష్టుడు కాడు. పగటివాడు చెప్పలేదు, అంతే. స్విచ్చికి తాళము వేసి, తాళపుచెవి గుంటలోనికి దిగినవాడే ఉంచుకొనవలెను. డ్యూటీ మారునపుడు పుస్తకములో వ్రాసినది చదివి వినిపించవలెను. చదువురాని ఊడ్చు సహోదరికి నోట చెప్పవలెను. ఇది ఆలస్యమని కొందరందురు. నెహెమ్యా పనివారిలో సగముమంది ఈటెలు పట్టుకొని నిలిచిరి (4:16). అదియు ఆలస్యమే గదా!

వచ్చు ఆదివారమునకు 3వ అధ్యాయము చదివి రండి. ఘనులు మెడ వంచకపోయినను (3:5) తెకోవ వారు మరియొక భాగమును ఎట్లు కట్టిరో (3:27) మాటలాడుకొందము.