తెర మేలుకొనేటప్పటి కొలత

మీట నొక్కగానే కంప్యూటరు తెర వెలుగుతుంది. ఆ తొలి క్షణాన తెరపై ఎన్ని చుక్కలుండాలో మనమేమీ చెప్పలేదు గదా, మరి ఎవరు నిర్ణయించినట్లు? ఈ సంగతి తోటి విద్యార్థులతో పంచుకోవాలని నా చిన్న ప్రయత్నం.

మాది పుంగనూరు పక్క సేద్యం చేసుకునే కుటుంబం. ఎన్ని మళ్ళు నాటాలన్నది చెరువులో నీళ్ళను బట్టి ఉంటుంది. కంప్యూటరుకు ఆ నీళ్ళే మెమరీ.

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు అక్షరాల తెరలో వరుసకు 80 గళ్ళు, అట్లాంటి వరుసలు 25. మొత్తం 2,000 గళ్ళు. గడికి 2 బైట్లు: ఒకటి అక్షరానికి, ఒకటి దాని రంగుకు. 4,000 బైట్లతో పని జరిగిపోయేది. 1987 నాటి వి.జి.ఎ. పద్ధతిలో 640 × 480 చుక్కల బొమ్మకు, 16 రంగులతో, 1,53,600 బైట్లు కావాలి. అంటే 38 రెట్లు! పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదు కూడా. అందుకే వి.జి.ఎ. యంత్రాలు సైతం మొదట ఆ 80 × 25 అక్షరాల తెరతోనే మేలుకొనేవి.

1984లో 'క్లాస్' పథకం కింద మన దేశపు కొన్ని బడులకు బి.బి.సి. మైక్రో యంత్రాలు వచ్చాయి. వాటి మెమరీ 32 కిలోబైట్లు. 640 × 256 చుక్కల తెరకే 20 కిలోబైట్లు పోతే ఇక ప్రోగ్రాముకు మిగిలేదెంత? కాబట్టి 1 కిలోబైటుతో సరిపోయే 40 × 25 అక్షరాల తెరే మొదట కనిపించేది.

ఇక మన తెలుగు మాట. ఐ.బి.ఎం. తొలి రంగుల తెరలో అక్షరపు గడి 8 × 8 చుక్కలు. రోమన్ లిపికి కొలిచి కట్టిన గూడు అది. అందులో 'స్త్రీ' అని రాసి చూడండి! పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు. ఎట్లా ఇముడుతుంది? ఈ చిక్కు తీర్చడానికి ఐ.ఐ.టి. కాన్పూరులో పరిశోధన మొదలైంది. 1988లో ఏర్పడిన సి-డాక్ సంస్థ దాన్ని 'జిస్ట్' కార్డుగా అందించింది. ఆ కార్డు తగిలిస్తే డాస్ యంత్రాలలోనూ భారతీయ లిపులు కనిపించేవి.

తర్వాత మెమరీ చవకైంది. 1994లో వచ్చిన ఇ.డి.ఐ.డి. పద్ధతితో తెరే తన కొలతను యంత్రానికి చెప్పుకోగలిగింది. నేడు చుక్కలకు కరువు లేదు.

మిత్రులారా, తొలి కొలత అంటే వట్టి అంకె కాదు. ఎవరి లిపికి చోటుందో తేల్చే నిర్ణయం. అట్లాంటి నిర్ణయాలు జరిగే చోట ఒత్తులూ గుడులూ తెలిసినవారు కూడా కూర్చోవాలి. ఆ పనికి మనలాంటి పల్లె విద్యార్థులు ఎందుకు పోకూడదు?