కుడి అంటే పేషెంటు కుడి

మెడికల్ కోడింగు శిక్షణలో చేరినా, ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్‌గా కుదిరినా, ఫిజియోథెరపీ సెంటర్లో సహాయకులుగా వెళ్లినా మొదట్లోనే పదాల మూట ఒకటి నెత్తిన పడుతుంది. యాంటీరియర్, పోస్టీరియర్, మీడియల్, లేటరల్, అబ్డక్షన్, సుపైన్. డిగ్రీలో బయాలజీ లేనివాళ్లు వీటిని నోటుపుస్తకంలో వరసగా రాసుకుని బట్టీ పడతారు. పరీక్ష గట్టెక్కడానికి అది చాలు. రిపోర్టు ముందుకొచ్చాక చాలదు.

ఈ పదాలన్నీ ఒక్క భంగిమను పట్టుకుని పుట్టినవే. గదిలో ఎవరూ లేనప్పుడు మీరే నిలబడి చూడండి. నిటారుగా, ముఖం ఎదురుగా, చేతులు పక్కలకి, కాలివేళ్లు ముందుకి. ఇంతవరకూ మామూలే. ఇప్పుడు అరచేతులు ముందుకి తిప్పండి. బొటనవేళ్లు బయటివైపుకి పోతాయి, చిటికెనవేళ్లు తొడల పక్కకి వస్తాయి. ఇదే అనాటమికల్ పొజిషన్. ఒంటి నడిగీతకి దగ్గరగా ఉన్నది మీడియల్, దూరంగా ఉన్నది లేటరల్ కాబట్టి చిటికెనవేలు మీడియల్, బొటనవేలు లేటరల్. మామూలుగా చేతులు వేలాడేసి ఊహించుకున్నవాళ్లకి ఇది తేలిగ్గా అంతుపట్టదు. పేషెంటు ఎలా పడుకున్నా ఈ పేర్లు మారవు. బోర్లా పడుకున్న మనిషి వీపు పైకప్పును చూస్తున్నా అది పోస్టీరియరే, అంటే వెనకవైపే. ముందువైపు యాంటీరియర్.

కుడి ఎడమలు కూడా పేషెంటువే, చూసేవాళ్లవి కావు. ఎక్స్‌రే ఫిల్మును డాక్టరు పేషెంటుకి ఎదురుగా నిలబడినట్టు పెట్టుకుని చూస్తారు. అంటే మీ ఎడమచేతి వైపు కనిపించేది అతని కుడి. సీటీలో అడ్డంగా తీసిన ముక్కల్ని కాళ్లవైపు నుంచి చూస్తున్నట్టు చూపిస్తారు, అక్కడా అంతే. అందుకే ఎక్స్‌రే తీసేటప్పుడే ఆర్ లేదా ఎల్ అనే సీసపు గుర్తు పెడతారు. తర్వాత కంప్యూటర్లో చేర్చుకోవచ్చులే అనుకునే అలవాటు మాత్రం చేసుకోకండి.

అదే గదిలో ఇంకో జంట ఉంది, పీఏ, ఏపీ. కిరణాలు వీపు వైపు నుంచి ఛాతీ వైపుకి వెళ్తే పీఏ, ఛాతీ నుంచి వీపుకి వెళ్తే ఏపీ. నిలబడగలిగినవాళ్లకి ఛాతీని ఎక్స్‌రే పలకకి ఆనించి పీఏ తీస్తారు. మంచం దిగలేనివాళ్లకి వీపు కింద పలక పెట్టి ఏపీ తీయక తప్పదు. గుండె ఛాతీలో ముందువైపుకే ఉంటుంది కాబట్టి ఏపీలో పలకకి దూరమై, ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. ఫిల్ము మీద ఏపీ అని రాయడం మరిస్తే లేని గుండెవాపును అనుమానించే ప్రమాదం ఉంది.

కోడింగులో ఎక్కువగా తగిలేది ప్రాక్సిమల్, డిస్టల్. చేతికి భుజం, కాలికి తుంటి మొదలు. మొదలుకి దగ్గరైతే ప్రాక్సిమల్, దూరమైతే డిస్టల్. మణికట్టు దగ్గర రేడియస్ అనే ఎముక విరిగితే రిపోర్టులో తరచుగా కనిపించే మాట డిస్టల్ రేడియస్. ఐసీడీ-10-సీఎం కోడ్ల పుస్తకంలో మాత్రం రేడియస్ లోయర్ ఎండ్ అని ఉంటుంది. రెండూ ఒకటేనని తెలిస్తే ఎస్52.5 వరసకి వెళ్తారు. తెలియకపోతే మోచేతి దగ్గరి ఎస్52.1లో వెతుకుతూ కూర్చుంటారు. ఆ తర్వాత పక్క చూడాలి. కుడి మోకాలి నొప్పి ఎం25.561, ఎడమది ఎం25.562. ఒకటి కుడి, రెండు ఎడమ అన్న పద్ధతి చాలాచోట్ల నడుస్తుంది. అయినా ప్రతిసారీ పట్టిక తెరిచి చూసుకోవాల్సిందే. రిపోర్టులో ఏ పక్కో రాయలేదనుకోండి, ఊహించి వేయకండి. మీ టీమ్ లీడ్ ద్వారా డాక్టరును అడిగించండి. ఇంకో సంగతి: అనాటమీలో లెగ్ అంటే మోకాలు నుంచి చీలమండ దాకానే. ఆర్మ్ అంటే భుజం నుంచి మోచేయి దాకానే.

కదలికల దగ్గర అసలు చిక్కు చెవితో వస్తుంది. అబ్డక్షన్ అంటే చెయ్యో కాలో నడిగీత నుంచి దూరంగా జరపడం, అడ్డక్షన్ దగ్గరికి తేవడం. ఫోన్లోనో, రికార్డింగులోనో రెండూ ఒకేలా వినిపిస్తాయి. చెప్పేటప్పుడు ఏ-బి-డక్షన్, ఏ-డి-డక్షన్ అని అక్షరాలు విడదీసి పలకండి. రికార్డింగు వింటూ టైపు చేసేవాళ్లు సందేహం వచ్చినచోట ఖాళీ వదిలి గుర్తు పెట్టడం మేలు, తోచింది కొట్టేయడం కన్నా. ఫ్లెక్షన్ అంటే కీలును ముడవడం, ఎక్స్‌టెన్షన్ చాచడం. మోచేయి ముందుకి ముడుచుకుంటుంది, మోకాలు వెనక్కి. రెండూ ఫ్లెక్షనే. భుజం దగ్గర మాత్రం చెయ్యి ముందునుంచి పైకెత్తితే ఫ్లెక్షన్ అవుతుంది. ముడవడం అన్న అర్థం ఒక్కటే పట్టుకుంటే ఇక్కడ దెబ్బతింటారు. ముంజేతిని తిప్పడంలో సుపినేషన్, ప్రొనేషన్ ఉన్నాయి. గుళ్లో తీర్థానికి పట్టే చెయ్యి సుపినేషన్లో ఉంటుంది. తిరగేసి అరచెయ్యి నేలవైపు పెడితే ప్రొనేషన్. మీగాలు పైకి లేపితే డార్సిఫ్లెక్షన్, పాదం కిందికి వంచితే ప్లాంటార్ ఫ్లెక్షన్.

పడక భంగిమలు తేలికే. సుపైన్ అంటే వెల్లకిలా, ప్రోన్ అంటే బోర్లా. రైట్ లేటరల్ దగ్గరే కొందరు ఆగిపోతారు. కుడి పక్క మంచానికి ఆనితే రైట్ లేటరల్. కుడి పైకి రావడం కాదు.

ఈ మాటలన్నీ కాగితం మీదికి, తోటి సిబ్బందితో మాట్లాడటానికి. నొప్పితో ఉన్న పెద్దావిడతో ప్రోన్ పొజిషన్లోకి రండి అంటే ఆవిడ బిక్కమొహం వేస్తుంది. “బోర్లా తిరగండమ్మా, నెమ్మదిగా” అనండి. “కుడి కాలు” అని నోటితో చెప్పి ఊరుకోకుండా ఆ కాలిని చేత్తో తాకి చూపించండి. ఏ కాలు నొప్పో ఆవిడ చేతే చెప్పించి, చీటీలో రాసినదానితో సరిపోల్చి, అప్పుడు మొదలుపెట్టండి. రెండూ కలవకపోతే ఎవరు తొందరపెట్టినా పని ఆపి, చీటీ రాసిన డాక్టరును అడగండి.