ఇంటి కంప్యూటరు సంరక్షణము

సభ్యులారా! పరకాల ప్రాంతమున ప్రత్తి నూగు, వేసవి యెండ, విద్యుత్తు హెచ్చుతగ్గులు, ఈ మూడును కంప్యూటరునకు శత్రువులు. కావున మేము మనవి చేయునది:

1. ప్రత్తి నిలువచేసిన గదిలో యంత్రము నుంచరాదు. గోడకు జానెడు దూరమున నుంచవలెను. గాలిరంధ్రములు పూడినచో లోపలి పంకా తిరిగినను వేడి వెడలదు, భాగములు చెడును.

2. నెలకొకమారు యంత్రము నాపి, తీగ నూడదీసి, పొడి కుంచెతో దుమ్ము దులుపవలెను. తడిగుడ్డ కూడదు.

3. మబ్బు క్రమ్మగానే ప్లగ్గు తీయవలెను. స్విచ్చి కట్టుట మాత్రము చాలదు. పిడుగుపాటు విద్యుత్తు స్విచ్చిని దాటి రాగలదు.

4. యు.పి.ఎస్. యున్నచో కరెంటు పోయిన పిమ్మట కొన్ని నిమిషములు వ్యవధి దొరకును. అంతలో యంత్రమును క్రమముగా నాపవలెను.

5. పట్టా, అప్పు లెక్కల ప్రతిని పెన్‌డ్రైవులో వేరుచోట దాచుకొనుడు. యంత్రమును మరల కొనవచ్చును; పోయిన లెక్కలను కొనజాలము.