ధర ముఖ్యమా, అమ్ముడుపోవడం ముఖ్యమా: క్రిప్టో ఆర్డర్ల లెక్క

2017 జూన్ 21న కాయిన్‌బేస్‌కు చెందిన జీడాక్స్ ఎక్స్ఛేంజ్‌లో సుమారు 317 డాలర్లున్న ఈథర్ అనే క్రిప్టో నాణెం ధర క్షణాల్లో పది సెంట్లకు పడిపోయింది. హ్యాకింగ్ ఏమీ జరగలేదు. కొన్ని మిలియన్ డాలర్ల ఈథర్‌ను ఎవరో ఒకే మార్కెట్ ఆర్డర్‌తో అమ్మేశారు. ఎక్స్ఛేంజ్‌ల కస్టమర్ సపోర్ట్‌లోనో, ట్రేడింగ్ యాప్‌ల టెస్టింగ్‌లోనో ఉద్యోగం వెతుక్కుంటున్నవారు నిర్వచనాలు బట్టీపట్టే కంటే ముందు ఈ ఘటనను అర్థం చేసుకోవడం మేలు.

ఆర్డర్ బుక్‌లో ఒకవైపు కొనేవారి ధరలు, మరోవైపు అమ్మేవారి ధరలు వరుసగా ఉంటాయి. మార్కెట్ ఆర్డర్ ఇచ్చామంటే ‘ఎంతకైనా సరే, ఇప్పుడే’ అన్నట్టే. 100 రూపాయలకు 2 నాణేలు, 99కి 3, 97కి 5 కొనేవాళ్లున్నారనుకోండి. మీరు పది ఒకేసారి అమ్మితే సగటున దక్కేది 98.20. తెరమీద చూసిన 100కీ దీనికీ ఉన్న తేడాయే స్లిప్పేజ్. జీడాక్స్‌లో ఆ మొదటి ఆర్డరు ఇలాగే మెట్టుమెట్టూ దిగుతూ ధరను 224 డాలర్లకు లాగేసింది.

అక్కడి నుంచి పది సెంట్ల దాకా పడటానికి కారణం దాదాపు 800 స్టాప్ లాస్ ఆర్డర్లు, మార్జిన్ లిక్విడేషన్లు (అప్పుతో చేసిన ట్రేడ్‌లను ఎక్స్ఛేంజ్ బలవంతంగా ముగించడం). నిర్ణయించిన ధర తాకగానే మామూలు స్టాప్ లాస్ కాస్తా మార్కెట్ ఆర్డర్ అయిపోతుంది. ఒకరి అమ్మకంతో ధర తగ్గి, మరొకరి స్టాప్ తెగుతుంది. స్టాప్ లిమిట్ అలా కాదు. స్టాప్ 300, లిమిట్ 295 పెడితే 295కి తక్కువగా అమ్మదు. అయితే ధర ఒక్క దూకులో 295 దాటిపోతే ఆర్డరు అలాగే ఉండిపోతుంది, నష్టం పెరుగుతూనే ఉంటుంది.

లిమిట్ ఆర్డర్‌లో ధర మీ చేతిలో ఉంటుంది, అమలు మాత్రం మీ చేతిలో ఉండదు. ఆ రోజు అడుగున ఎప్పుడో పెట్టి ఉంచిన కొనుగోలు లిమిట్లకు ఈథర్ కారుచౌకగా దొరికింది. కాయిన్‌బేస్ ఆ లావాదేవీలను రద్దు చేయలేదు, నష్టపోయినవారికి సొంత డబ్బు చెల్లించింది. అన్ని ఎక్స్ఛేంజ్‌లూ ఇంత ఉదారంగా ఉంటాయని అనుకోవద్దు.

ఈ ఆర్డర్లన్నీ షేర్ మార్కెట్లోనూ ఉన్నవే. కాబట్టి బ్రోకింగ్ సంస్థల బ్యాక్ ఆఫీస్ కొలువులకూ ఈ చదువు పనికొస్తుంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెక్యూరిటీస్ మార్కెట్స్ (ఎన్ఐఎస్ఎం) వారి ‘సెక్యూరిటీస్ ఆపరేషన్స్ అండ్ రిస్క్ మేనేజ్‌మెంట్’ సర్టిఫికెట్ తోడైతే మంచిది. 2023 మార్చిలో మన దేశంలో క్రిప్టో సంస్థలను మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చారు గనుక కాంప్లయన్స్ వైపూ చూడొచ్చు.

క్రిప్టో ట్రేడింగ్‌నే బతుకుదెరువు చేసుకుంటానంటే మాత్రం నేను వద్దంటాను. లాభంపై 30 శాతం పన్ను, అమ్మకంపై ఒక శాతం టీడీఎస్ ఉన్నాయి. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని ఇంకో నాణెం లాభంలో తీసేసుకునే వీలూ లేదు.

ఇంటర్వ్యూకు ముందు ఒక కసరత్తు చేయండి. ‘300కి స్టాప్ లాస్ పెడితే 280కి ఎందుకు అమ్మేశారు?’ అని కస్టమర్ కోపంగా రాశాడనుకుని, జార్గన్ లేకుండా ఐదు వాక్యాల్లో జవాబు రాయండి.